బడి బస్సులో యంత్రనేత్రం

సూరత్ నగరంలో తెల్లవారి ఏడు గంటలు కాకమునుపే వీధులలో రెండు విధాల జనం కనిపిస్తారు. రాత్రి పని ముగించుకుని మరమగ్గాల కార్ఖానాల నుంచి ఇళ్లకు మరలేవారు కొందరు. వీపున పుస్తకాల సంచి తగిలించుకుని బండి కోసం ఎదురుచూసే పిల్లలు మరికొందరు. ఆ పిల్లలలో తెలుగువారూ ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి తరలివెళ్లిన కుటుంబాలు అక్కడి లింబాయత్ ప్రాంతంలో ఏనాడో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ వారి కోసం తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది.

పిల్లవాణ్ణి బండి ఎక్కించి గుమ్మంలోకి తిరిగివచ్చిన తల్లికి, వాడు తరగతిలో అడుగుపెట్టేవరకు ఏమి జరుగుతున్నదీ తెలియదు. ఆ అరగంట ఆందోళనకు మందుగా వచ్చినదే బస్సులోని కెమెరా.

సూరత్‌కు కెమెరా కొత్త కాదు. 2013 జనవరిలో పోలీసులు పౌరుల ఆర్థిక సహాయం తోడు చేసుకుని, ముఖ్యమైన కూడళ్లలో 104 కెమెరాలు అమర్చి, వాటి దృశ్యాలను ఒకే గదిలో పెద్ద తెర మీద చూసే ఏర్పాటు చేశారు. అయితే కూడలి వేరు, బస్సు లోపలి భాగం వేరు.

మన దేశంలో బడి బస్సులకు నియమాలు కన్నీటి నుంచి పుట్టాయి. 1997 నవంబరు 18న ఢిల్లీలోని వజీరాబాద్ వంతెన మీది నుంచి ఒక బడి బస్సు యమునా నదిలో పడి 28 మంది పిల్లలు మరణించారు. కొద్దిరోజులలోనే సుప్రీంకోర్టు ఆదేశాలు వెలువడ్డాయి: వేగానికి కళ్లెం, అనుభవం గల డ్రైవరు, బస్సులో పిల్లలను కనిపెట్టి ఉండే సహాయకుడు. కెమెరా మాట చాలాకాలానికి, 2017 ఫిబ్రవరిలో వచ్చింది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి తన అనుబంధ పాఠశాలల బస్సులలో కెమెరాలు, బండి జాడ తెలిపే జి.పి.ఎస్. పరికరాలు ఉండాలన్నది.

కెమెరా ఏమి చేయగలదు? అమెరికాలో 1990ల తొలినాళ్లలో కొన్ని పాఠశాలలవారు ఒక చిత్రమైన ఉపాయం పన్నారు. అన్ని బస్సులలోనూ నల్లని పెట్టెలు బిగించి, కెమెరాలను మాత్రం కొన్నింటిలోనే ఉంచి, వాటిని ఒక బస్సు నుంచి మరొక బస్సుకు మారుస్తూ ఉండేవారు. ఏ పెట్టెలో కన్ను ఉన్నదో తెలియక అల్లరి తగ్గేది! భయపెట్టడంలో ఖాళీ పెట్టె కూడా కెమెరాకు తీసిపోలేదన్నమాట. తగాదా వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పడం మాత్రం నిజమైన కెమెరాకే సాధ్యం. ఈ రెండింటిలోనూ దాని ఉపయోగాన్ని కాదనడానికి వీలులేదు. అయితే పసివాడు ఆపదలో ఉన్న ఆ నిమిషంలో తెర ముందు మనిషి లేకపోతే, అది జరిగినదాన్ని భద్రపరుస్తుందే గాని జరగకుండా ఆపలేదు.

2022 సెప్టెంబరులో, వారం తిరగకుండా, రెండు దేశాలలో ఒకే ఘోరం జరిగింది. జపాన్‌లోని మాకినోహారాలో మూడేళ్ల బాలికను శిశువిద్యాలయపు బస్సులో మరచి తలుపులు మూశారు. ఎండ వేడిలో గంటల తరబడి ఉండి ఆ పాప ప్రాణం విడిచింది. ఖతార్‌లోని అల్ వక్రాలో, తన పుట్టినరోజునాడే, నాలుగేళ్ల భారతీయ బాలిక బస్సులో నిద్రపోయి అదే విధంగా మరణించింది. రెండుచోట్లా లోపించినది ఒక్కటే, దిగిన పిల్లలను లెక్కపెట్టి చివరి సీటు వరకు నడిచి చూసే మనిషి.

జపాన్ ప్రభుత్వం ఈ సంగతిని చక్కగా గ్రహించింది. 2023 ఏప్రిల్ నుంచి శిశువిద్యాలయాల బస్సులలో హెచ్చరిక పరికరాన్ని తప్పనిసరి చేసింది. అందులో ఒక రకం, ఇంజను ఆపగానే మోత మొదలుపెడుతుంది. దాన్ని ఆపే మీట బస్సు వెనుక భాగంలో ఉంటుంది. డ్రైవరు అక్కడిదాకా నడవక తప్పదు. నడిచేటప్పుడు సీట్లు కంటపడక తప్పవు. కెమెరా కంటె చవక తెలివి ఇది.

పిల్లల మీద నిఘాకు హద్దు కూడా ఉండాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లల కదలికలను, ప్రవర్తనను వెన్నాడి గమనించడాన్ని నిషేధించింది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు, బడికి వెళ్లివచ్చేటప్పుడు భద్రత కోసం పిల్లవాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి మినహాయింపు ఇచ్చాయి, అంతవరకే.

ఇంతకూ సూరత్ వంటి నగరాలలో బస్సు ఎక్కగలిగే పిల్లలు ఎందరు? మగ్గం కార్మికుని బిడ్డ నడిచి వెళతాడు, లేదా ఆటోలో ఇరుక్కుని వెళతాడు. కాస్త కలిగినవారి పిల్లలకు వ్యాను. బస్సుల కోసం రాసిన నియమాలు ఈ బండ్ల దాకా వచ్చేసరికి నీరసపడతాయి. 2024 మే 25న రాజకోట్ వినోదశాలలో జరిగిన అగ్నిప్రమాదం తరువాత గుజరాత్ రవాణా అధికారులు బడి వ్యాన్ల, ఆటోల పత్రాల తనిఖీకి పూనుకున్నారు. బడులు తెరిచిన జూన్ నెలలోనే అహమ్మదాబాదులో వాటిని నడిపేవారు సమ్మె కట్టారు. అనుమతులకు వ్యవధి కావాలని వారి కోరిక. బండ్లు రాని ఉదయాలలో తల్లిదండ్రులే పనులు మానుకుని పిల్లలను బడి గేటు దాకా దింపిరావలసి వచ్చింది.