కూడి చదువుట: నల్లజాతి స్త్రీల ఆత్మకథలు, కవితలు

ఒకరు చదువగా పదిమంది విని, విన్నదానిపై తర్కించుకొనే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. పురాణ కాలక్షేపాలు, గ్రంథాలయోద్యమ కాలంలో పల్లెలలో సాగిన పత్రికా పఠనాలు దీనిపైనే నిలిచినవి. ఏకాంతంలో చదివేవాడు తనకు నచ్చినచోట ఆగి, నచ్చనిచోటు దాటిపోవచ్చును. గోష్ఠిలో అట్లు దాటిపోవుటకు వీలులేదు. అతడు దాటిన పుటవద్దనే మరొకరు ఆగి ఉందురు. అమెరికాలోని నల్లజాతి స్త్రీల ఆత్మకథలను, కవితలను చదువుటకు ఈ పద్ధతి ఎందుకు తగినదో, సూరత్ వంటి నగరంలో ఆ పఠనానికి ఎట్టి అర్థం కలదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశం.

గోష్ఠి సూరత్‌కు పరాయి విషయం కాదు. ఆ నగరంలో 1833లో జన్మించిన కవి నర్మద్, మండలిగా కూడుటవలన కలిగే లాభాలను గురించి యౌవనంలోనే ప్రసంగించెను. గుజరాతీ వ్యాస రచనకు ఆ ప్రసంగమే ఆరంభమని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. ఆయన 1866లో రచించిన ఆత్మకథ ‘మారీ హకీకత్’ పూర్తి రూపంలో 1933లోగాని లోకానికి అందలేదు. తన్ను గురించి నిజం చెప్పిన గ్రంథం వెలుగు చూచుటకు ఎంత కాలం పట్టునో ఈ ఒక్క ఉదాహరణయే తెలుపును.

ఆఫ్రికా కూడ సూరత్‌కు దూరమైనది కాదు. నగరం పొరుగున ఉన్న సచిన్ సంస్థానాన్ని 1791 నుండి 1948 వరకు పాలించిన నవాబులు సిద్దీ వంశస్థులు. భరూచ్ జిల్లా రతన్‌పూర్‌లోని బావా గోర్ దర్గా నేటికీ సిద్దీలకు పుణ్యక్షేత్రం. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళంవలన వచ్చినది. కాబట్టి నల్లజాతి సాహిత్యాన్ని సముద్రాల ఆవలి వింతగా చదువుట చరిత్రను మరచుటే అగును.

ఇక గ్రంథాల విషయం. 1761లో పశ్చిమాఫ్రికా నుండి బాలికగా బోస్టన్‌కు తెచ్చి అమ్మబడిన ఫిలిస్ వీట్లీ, 1773లో లండన్‌లో తన కవితా సంపుటిని వెలువరించెను. ఆ గ్రంథం మొదట బోస్టన్ ప్రముఖులు పదునెనిమిదిమంది సంతకాలతో ఒక ధ్రువీకరణం ఉన్నది. ఈ పద్యాలు ఈమెయే వ్రాసినదని వారు సాక్ష్యమిచ్చిరి. కవిత్వం తనదని ఋజువు చేసుకొనవలసిన అగత్యం ఏ తెల్లజాతి కవికి కలిగినది?

హేరియట్ జేకబ్స్ ఆత్మకథ 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో అచ్చయినది. యజమాని కామానికి లొంగక తప్పించుకొన్న ఆమె, మామ్మ ఇంటి కప్పు క్రింది ఇరుకు చోటులో దాదాపు ఏడేండ్లు దాగి ఉండెను. నిలువుగా నిలుచుటకైనా అక్కడ చాలినంత ఎత్తు లేదు. చాలకాలం పండితులు దీనిని కల్పిత కథ అనియు, సంపాదకురాలైన లిడియా మరియా చైల్డ్ రచన అనియు భావించిరి. జీన్ ఫేగన్ యెలిన్ ఉత్తరాలను, దస్తావేజులను శోధించి ఇది జేకబ్స్ స్వీయరచనయే అని 1980ల దశకంలో నిరూపించెను. ఒక శతాబ్దం పైగా ఆ గ్రంథానికి కర్త్రి ఉండియు లేనట్లే అయినది.

మాయా ఆంజెలో 1969లో ప్రకటించిన ‘పంజరంలోని పక్షి ఎందుకు పాడుతుందో నాకు తెలుసు’ ఈ విషయాన్ని మరొక దిక్కునుండి చూపును. బాల్యంలో అత్యాచారానికి గురియై, దాదాపు ఐదేండ్లు మాటాడుట మానిన ఆ బాలికకు, చదువుకొన్న ఒక పొరుగు స్త్రీ పుస్తకాలిచ్చి, వాటిని బిగ్గరగా చదువుమని చెప్పెను. కంటితో చదివినది చాలదు, కంఠం కావలెనని ఆమె బోధ. గోష్ఠికి ఇంతకంటె బలమైన సమర్థన దొరకదు.

కవయిత్రులు కూడ గోష్ఠులలోనే చేయి తిరిగిన ఉదాహరణలు కలవు. గ్వెండొలిన్ బ్రూక్స్ 1941లో షికాగోలోని సౌత్ సైడ్ కళాకేంద్రంలో సాగిన కవితా శిక్షణ సభలలో తన పద్యాలకు పదును పెట్టుకొనెను. 1950లో పులిట్జర్ బహుమానం పొందిన తొలి నల్లజాతి రచయిత ఆమెయే. 1977లో న్యూయార్క్‌లో ఆలిస్ వాకర్, జూన్ జోర్డన్ మొదలైనవారు ‘సిస్టర్‌హుడ్’ అనే పేరున కూడి, నల్లజాతి స్త్రీల రచనలకు పత్రికలలోను ప్రచురణ సంస్థలలోను చోటు కల్పించుటకు పాటుపడిరి.

ఇట్టి గ్రంథాలను తెలుగు గోష్ఠి చదువునపుడు రెండు చిక్కులు ఎదురగును. మొదటిది భాష. నల్లజాతివారి ఇంగ్లీషు నుడికారం ఏ తెలుగులోనికి రావలెను? గ్రాంథికంలో పెట్టినచో జీవం పోవును. ఏదో ఒక మాండలికంలో పెట్టినచో ఆ ప్రాంతంవారిని వెక్కిరించినట్లు కావచ్చును. ‘నలుపు’ అనే మాట మరింత కఠినమైనది. కృష్ణుని నల్లనయ్య అని ముద్దుచేసిన భాషలోనే, పెండ్లిచూపులనాడు పిల్ల నలుపును ‘చామనఛాయ’ అని దాచే అలవాటున్నది. ఈ మాటవద్ద గోష్ఠి కొంత సేపు ఆగవలెను.

రెండవది పోలిక. అంబేద్కర్ 1946లో డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్‌కు లేఖ వ్రాసెను. 1972లో బొంబాయిలో ఏర్పడిన దళిత పాంథర్లు తమ పేరును అమెరికా నుండి గ్రహించిరి. గోగు శ్యామల సంపాదకత్వాన 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చినది. ఈ సంబంధం యథార్థమే. అయినను కులం వర్ణం కాదు, బానిసత్వం వెట్టి కాదు. పోలికను త్వరపడి ముగించినచో రెండు బాధలూ మసకబారును. అమెరికా గ్రంథంపై కన్నీరు కార్చి, తన వీథిలోని అంటరానితనాన్ని చూడని పాఠకుడు ఏమియు చదువలేదనవలెను.

సూరత్‌లో ఈ చదువు మరొక మేలు చేయగలదు. తెలంగాణా జిల్లాలనుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల నడుమ బ్రతుకు సాగించుచున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నెలకొల్పినది. నేతయింట కండెలు చుట్టినది స్త్రీ. నేతగాడని పేరు పొందినది పురుషుడు. ఊరు విడిచిన నాటి సంగతులు ఆమెకు తెలియును గాని, ఆమెను అడిగి వ్రాసుకొన్నవారు అరుదు. మహారాష్ట్ర రచయిత్రి ఊర్మిళా పవార్ తన తల్లి అల్లిన వెదురుబుట్టల పనినే తన ఆత్మకథకు పేరుగా ‘ఆయ్‌దాన్’ అని 2003లో పెట్టుకొనెను. మగ్గం ఇంటి స్త్రీకి అట్టి పేరు దొరకకపోదు.

ఇందుకు తెలుగులోనే మార్గం కలదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలవద్ద కూర్చుండి, వారు చెప్పినదానిని గ్రంథస్థం చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించిరి. అక్షరం రానివారి జ్ఞాపకం కూడ సాహిత్యమగునని ఆ గ్రంథం నిరూపించినది. జేకబ్స్‌ను, ఆంజెలోను కూడి చదివిన గోష్ఠి, తరువాతి సమావేశంలో పుస్తకం మూసి, తమలోని ఒక వృద్ధురాలిని మాటాడుమని కోరవచ్చును. ఆమె చెప్పినది ఆమెదే అని నమ్ముటకు పదునెనిమిది సంతకాలు అడుగకుండుటయే ఆ చదువుకు పరీక్ష.