తాడు వదలని బరువు

కెనడా తూర్పు తీరాన ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. ఎర్రమట్టి నేలలు, బంగాళాదుంప చేలు, చేల మధ్యకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయలు. ఆ పాయల్లో మస్సెల్స్ పెంచుకుని బతికే కుటుంబాలున్నాయి. వాళ్ల బతుకులో 1998 నుంచి ఒక పని వచ్చి చేరింది. కడగడం. తాడు ఎత్తి కడగాలి, దించాలి, కొన్ని వారాలు పోయాక మళ్లీ ఎత్తి కడగాలి. ఇరవై అయిదేళ్లు దాటినా ఆ పని తెమల్లేదు.

మస్సెల్స్ మన ఆల్చిప్పల జాతివే, నీలం కలిసిన నలుపు రంగులో ఉంటాయి. కెనడాలో పండే మస్సెల్స్‌లో సుమారు 80 శాతం ఈ దీవివే. నీటి మీద తేలే బుడ్లకి పొడవాటి తాడు కడతారు. పిల్ల మస్సెల్స్‌ని మేజోడులాంటి వలగొట్టాల్లో నింపి ఆ తాడుకి వరసగా వేలాడదీస్తారు. మేత వెయ్యక్కర్లేదు. పారే నీటిలోని సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని అవే పెరుగుతాయి. ఏడాదిన్నర, రెండేళ్లకి పంట చేతికొస్తుంది. చలికాలంలో పాయ గడ్డకడితే మంచుని రంపంతో కోసి, ఆ కన్నంలోంచి తాడు లాగుతారు. ఆ చలి వాళ్లకి పుట్టి పెరిగిన చలి. దాన్ని వాళ్లు కష్టాల్లో లెక్కెయ్యరు.

1998లో బ్రూడెనెల్ నది పాయలో కొత్త జీవి ఒకటి కనబడింది. ముడతలు పడ్డ తోలులాంటి ఒళ్లు, కింద సన్నని కాడ. సీ స్క్వర్ట్‌లలో ఒక రకం, పేరు స్టైలా క్లావా. నొక్కితే నీళ్లు చిమ్ముతుంది కాబట్టి ఈ జాతికి సీ స్క్వర్ట్ అన్న పేరొచ్చింది. దాని సొంత తావు జపాన్, కొరియా వైపు సముద్రం. కొరియాలో దాన్ని ‘మిదొదొక్’ అని పులుసులో వేసుకుని ఇష్టంగా తింటారు. 1953లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ దగ్గర, 2005లో న్యూజిలాండ్‌లో కూడా అది బయటపడింది.

అంత దూరం అది ఈదుకుంటూ పోలేదు. దాని పిల్ల తోకకప్పలా ఉంటుంది, ఈదేది కొన్ని గంటలే, మహా అయితే ఒకటి రెండు రోజులు. తర్వాత తల కింద పెట్టి దేనికో ఒకదానికి అతుక్కుంటుంది. తోక ఒంట్లోకి ఇంకిపోతుంది. ఇక చచ్చేదాకా కదలదు. మహాసముద్రాలు దాటించింది ఓడల అడుగులు. పెంపకందార్ల కడుపుమంట ఇక్కడే ఉంది. ఆ ఓడలు వాళ్లవి కావు, ఆ సరుకూ వాళ్లది కాదు, బరువు మాత్రం వాళ్ల తాళ్ల మీద పడింది.

ఒక్కటైతే ఎలాగో సర్దుకునేవాళ్లేమో. తర్వాతి కొన్నేళ్లలో గుంపులుగా బతికే రెండు రకాలు చేరాయి. ఒకటి నక్షత్రాల ముగ్గులా, రెండోది ఊదారంగు పూతలా మస్సెల్స్‌ని కప్పేస్తాయి. 2004లో మాంటేగ్ నదిలో సియోనా దిగింది. మెత్తగా, జెల్లీలా, లోపలి పేగు కనిపించేంత పల్చగా ఉండే జీవి. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ స్టైలాని పక్కకి నెట్టి తాళ్లన్నీ తనవి చేసుకుంది. ప్రపంచంలో సుమారు 3,000 రకాల సీ స్క్వర్ట్‌లు ఉన్నాయంటే శాస్త్రజ్ఞులకి అది సంపద. వీళ్లకి మాత్రం రకానికో వైద్యం. తోలులాంటి స్టైలాకి సున్నపు నీళ్లలో ముంచడం. మెత్తటి సియోనాకి జోరు నీళ్ల దెబ్బ. గుంపు రకాల మీద అదే జోరు చూపిస్తే ముక్కలవుతాయి. ఆ ముక్కలు కొట్టుకుపోయి ఇంకోచోట అతుక్కుని పెరుగుతాయి.

సీ స్క్వర్ట్‌లు పట్టిన గొట్టాన్ని నీళ్లలోంచి పైకి లాగితే మస్సెల్స్ కనబడవు. జారిపోయే జెల్లీ గుత్తులు, ఒకదాని మీద ఒకటి. పడవ అంచుకి తగలగానే అన్నీ ఒక్కసారి చిమ్ముతాయి, ఆ చల్లటి ఉప్పునీళ్లు మొహం మీద పడతాయి. మస్సెల్స్ తినే మేతే అవీ తింటాయి. బరువుకి బుడ్లు మునుగుతాయి, ఇంకా బుడ్లు కట్టాలి. చూసీచూడనట్టు వదిలేస్తే రెండేళ్ల పంట గొట్టం నుంచి ఊడి అడుగుకి రాలిపోతుంది.

ఈ సీ స్క్వర్ట్‌లు మనకి అంత పరాయివీ కావు. 1866లో కొవలెవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు వీటి పిల్ల తోకలో పృష్ఠవంశాన్ని, అంటే వెన్నెముకకి ముందు రూపంలాంటి కడ్డీని, గుర్తించాడు. అంతకుముందు వీటిని నత్తలు, ఆల్చిప్పల కోవలో వేసేవారు. వెన్నెముక ఉన్న జీవులకి, అంటే మనకి, వీటికన్నా దగ్గరి బంధువులు లేరని తర్వాత జన్యువులు కూడా తేల్చాయి. వీటి ఒంటి తొడుగులో సెల్యులోజ్ ఉంటుంది, చెట్ల కట్టెలో ఉండేదే. దాన్ని తయారుచేసుకునే జన్యువు ఏనాడో బాక్టీరియా నుంచి వచ్చింది. కోట్ల ఏళ్లు గట్టిపడ్డ ఆ తొడుగుని ఈ ఊళ్లవాళ్లు పంపు నీళ్లతో, సున్నంతో వదిలించాలి.

నెల్లూరు, భీమవరం రొయ్యల రైతులకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. 1994లో తెల్లమచ్చ వైరస్ మన తీరం మీద పడ్డప్పుడు చెరువులకి చెరువులు పోయాయి. అయినా మన రైతు చెరువు ఎండగట్టి, సున్నం చల్లి మళ్లీ మొదలుపెట్టగలడు. వాళ్లు పాయని ఎండగట్టలేరు. సముద్రం రోజుకి రెండుసార్లు పోటు పెడుతూనే ఉంటుంది.

పైగా ఆంక్షలు. ఈ జీవులు చేరిన పాయలోని మస్సెల్స్‌ని ఇంకో పాయకి తీసుకెళ్లాలంటే అనుమతి కావాలి. జాగ్రత్త అవసరమే, వాళ్లూ కాదనరు. కాని విత్తనం కొనుక్కోవడం, అమ్ముకోవడం ఆ గీతల మధ్యే జరగాలి. కడిగే యంత్రం, ఇంధనం, అదనపు కూలి, ఖర్చులో పెద్ద భాగం పెంచేవాళ్ల జేబులోంచే. ఒకప్పుడు తాడు దించి కోతదాకా ఎదురుచూసిన పంట ఇది. ఇప్పుడు వేసవంతా పడవ మీదే గడుస్తుంది. 1998లో పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై అదే పడవల్లో నిలబడ్డారు. కడగక్కర్లేని తాడు ఎలా ఉండేదో వాళ్లకి పెద్దలు చెబితే వినడమే.

కడిగిన గొట్టం నల్లగా, శుభ్రంగా నీళ్లలోకి దిగుతుంది. ఎండాకాలం నీళ్లు వెచ్చగా ఉంటే కొన్ని వారాలకే ఆ నల్లటి చిప్పల మీద చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. గాజులా తళతళలాడతాయి, గోటితో గీకితే వచ్చేస్తాయి. ఒక్కో గొట్టానికి అవి ఎన్నో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. పంపు మళ్లీ పడవెక్కుతుంది.