మైలవరం కొండల మీది వాన

బుడమేరు వాగు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలుస్తుంది. ఎండాకాలంలో చాలాచోట్ల చెప్పులు తడవకుండా దాటొచ్చు. 2024 ఆగస్టు 31న జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం వైపు కుండపోత కురిసింది. వాగులన్నీ ఒక్కసారే బుడమేరులోకి దూకాయి. మళ్లింపు కాలువ ఆ నీటిని కృష్ణలో కలపాలి. కానీ కృష్ణే నిండు వరదతో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది.

ఆ కొండల మీద పడే వానను చూసే కన్ను ఆకాశంలో అప్పటికే ఉంది. అమెరికా, జపాన్ కలిసి 2014 ఫిబ్రవరిలో జపాన్ గడ్డ నుంచి పంపిన జీపీఎం ఉపగ్రహం అది. ఇతర దేశాల ఉపగ్రహాల కొలతలనూ కలుపుకుని అరగంటకోసారి వాన లెక్క కడతారు. అయితే ఆ లెక్కలో నేలను విడగొట్టే ఒక్కో గడి సుమారు పది కిలోమీటర్ల వెడల్పు, తొలి లెక్క చేతికి రావడానికి కొన్ని గంటలు. గోదావరికి అది చాలు. కొండవాగుకు చాలదు. కొండ మీద కురిసిన వాన పొద్దు తిరిగేలోపు ఊళ్లో ఉంటుంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం ఇంకో పని చేస్తుంది. నాసా, ఇస్రో చెరో రాడార్ తయారుచేశాయి. రాడార్‌కు మబ్బూ చీకటీ అడ్డం కాదు. నిలకడ నీరు దాని కిరణాన్ని అద్దంలా అవతలికి తోసేస్తుంది, చిత్రంలో నల్లగా పడుతుంది. మరి మైలవరం మామిడి తోటలో నిలిచిన నీళ్లో? నాసా రాడార్ అల పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. అంత పొడుగు అలను ఆకులు ఆపలేవు. కిందికి దిగి, నీటినీ చెట్టు మొదలునూ తాకి వెనక్కొస్తుంది. అక్కడ నలుపుకు బదులు మెరుపు కనిపిస్తుంది. నేల ఎంత నానిందో కూడా ఈ రాడార్ చెబుతుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. నానిన నేల ఇంకించుకోదు, పడ్డ వానంతా వాగుపాలే.

కానీ నైసార్ అదే దారిలోకి మళ్లీ వచ్చేది 12 రోజులకు. నిలవ నీటిలో గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. దోమల మందు ముందుగా ఏ వీధిలో చల్లాలో తేలాలంటే మధ్య రోజుల్లో ఐరోపా సెంటినెల్, మన ఈఓఎస్-04 ఉపగ్రహాల చిత్రాలనూ కలిపి చూడాలి.

ఇక కొండవాగు హెచ్చరికకు, బుడమేరు మీద వెలగలేరుకు ఎగువన ప్రతి వాగు వంతెన కిందా నీటిమట్టం చెప్పే సెన్సార్, కొండల మీద వానమాపకాలు కావాలి. పది కిలోమీటర్ల గడిలో ఏ మూల ఎంత కురిసిందో ఉపగ్రహాలకు నేర్పేవి ఆ వానమాపకాలే.