గళ్లపటమున సంభావ్యత

రోగపరీక్షలో ‘కలదు’ అని తేలినంతనే రోగము నిశ్చయమని తలంపరాదు. గళ్లపటముతో దీనిని వివరించెదను.

40 వరుసలుగా, వరుసకు 25 చొప్పున, 1000 గళ్లు గీయుడు, గడికొక మనుష్యుడు. లెక్కకై పదుగురికి రోగమున్నదనుకొని, ఆ గళ్లకు ఎఱ్ఱసిరా పూయుడు. పరీక్ష వారిలో 9 మందిని పట్టుననియు, ఆరోగ్యవంతులగు 990 మందిలో పదింట నొకరిని, అనగా 99 మందిని, పొరపాటున రోగులనుననియు ననుకొందము. ‘కలదు’ అన్న గళ్లన్నిటను చుక్క పెట్టుడు. చుక్కలు 108, వానిలో ఎఱ్ఱనివి 9 మాత్రమే.

రోగికి చుక్క పడుట పదింట తొమ్మిది. చుక్క పడినవాడు రోగి యగుట పన్నెండింట నొకటి! పొగయున్నచో నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్ల పొగయుండదన్న తార్కికుల వివేకమే యిచటను వలయును. 1763లో అచ్చైన, బేయిస్ అను ఆంగ్లేయుని వ్యాసము ఈ గణితమునకు మూలము.

కావున తొలి ఫలితమునకే అధైర్యపడక, వైద్యుని సలహాపై మఱల పరీక్ష చేయించుకొనుడు.