స్కానింగ్‌తో ఒళ్ళు వేడి చేస్తుందా?

స్కానింగ్ తీయించుకొచ్చిన మనిషికి 'ఒళ్ళు వేడి చేసి ఉంటుంది' అంటూ మజ్జిగ అందించడం మన ఇళ్ళలో మామూలే. సీటీ స్కాన్ విషయంలో ఆ మజ్జిగ రుచికే. కడుపు సీటీలో ఎక్స్‌రే కిరణాల మోతాదు సుమారు 10 మిల్లీగ్రే పడుతుంది. దాన్ని వేడిగా లెక్కగడితే ఒక డిగ్రీలో మూడు లక్షలవ వంతు కూడా రాదు. ఆ కిరణాలకు జంకాల్సింది కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీయగలవని. మరి సీటీలో ఒంట్లో గుప్పున వచ్చే వేడి, మూత్రం పోయినట్టు అనిపించడం? అది నరంలోకి ఎక్కించిన అయోడిన్ మందు పని. రక్తనాళాలు విచ్చుకుంటాయి, నిమిషంలో సర్దుకుంటాయి.

నిజంగా ఒంటిని వెచ్చబరిచేది ఎమ్మారై. అందులో ఎక్స్‌రేలు ఉండవు, రేడియో తరంగాలు ఉంటాయి. మామూలు పద్ధతిలో కిలో బరువుకు 2 వాట్లు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. 60 కిలోల మనిషికి 120 వాట్లు, అంటే పాతకాలపు 60 వాట్ల బల్బులు రెండు. ఒంటి లోపలి వేడి అర డిగ్రీకి మించి పెరగకూడదు. రక్తం ఆ వేడిని చర్మానికి మోసుకొస్తే, చెమట ఆరి చల్లబరుస్తుంది.

చెమట ఆరకపోతేనో? రంగూన్‌లో నది ఒడ్డునున్న అహ్లోన్‌నే తీసుకోండి. ఏప్రిల్‌లో ఎండ 37 డిగ్రీల దాకా వెళ్తుంది, గాలి నిండా తేమ. గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రం ఆ పేటలోనే ఉన్నా నగరానికి కరెంటు కోతలు తప్పడం లేదు, అంటే ఏసీ ఆగిపోవచ్చు. ఎమ్మారై గదిలో ఏసీ యంత్రం కోసమేనని చాలామంది అనుకుంటారు. అది రోగికీ కావాలి. గది 25 డిగ్రీలు దాటితే వాట్ల పరిమితిని తగ్గించాలని ప్రమాణంలోనే ఉంది. జ్వరంతో ఉన్నవాళ్ళకు ఇంకా జాగ్రత్త అవసరం. పసిబిడ్డలది తిరగబడ్డ కథ: అదే చల్లగదిలో, మత్తులో, వాళ్ళ ఒళ్ళు చల్లబడిపోవచ్చు.

ఒళ్ళంతా పంచుకునే వేడికన్నా ఒక్కచోట పోగుపడే వేడి ప్రమాదం. కాలిన గాయాలు ఎక్కువగా దానివల్లే. మనవాళ్ళు భయంతో రెండు చేతులూ జోడిస్తారు, దేవుణ్ణి తలుచుకుంటారు. యంత్రం లోపల మాత్రం ఆ దండం వద్దు. చేతులు కలిస్తే భుజాల మీదుగా ఒక వలయం ఏర్పడి విద్యుత్తు ప్రవహిస్తుంది, వేళ్ళు తాకేచోట చర్మం కాలుతుంది. తొడలు ఒరుసుకున్నా అంతే. అందుకే మధ్యలో మెత్తలు పెడతారు. ఈసీజీ తీగలు చుట్టుకున్నా, లోహపు పూత ఉన్న మందు పట్టీలు చర్మంపై ఉండిపోయినా, జరీ అంచు బట్ట ఒంటిమీద ఉన్నా గాయం కావచ్చు.

పచ్చబొట్టుకు మాత్రం ఉన్నదానికన్నా ఎక్కువ భయపడుతున్నాం. 932 పచ్చబొట్లున్న 330 మందిని పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. వాళ్ళలో పచ్చబొట్టు వల్ల ఇబ్బంది పడింది ఒక్కరే, అదీ స్వల్పంగా. అయినా ఎక్కడైనా చురుక్కుమంటే ఓర్చుకోవద్దు, చేతికిచ్చిన రబ్బరు బుడ్డి నొక్కేయండి.