సెట్‌టాప్ బాక్స్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా? సుగ్గికి పోయే ఇంటి లెక్క

ఈ రోజు టాపిక్ చిన్నదే, కానీ నెలనెలా డబ్బులు పోయే టాపిక్. ఆదోని, ఎమ్మిగనూరు వైపు మన సబ్‌స్క్రైబర్స్ చాలామంది వీడియోలు ఫోన్‌లోనే చూస్తారు. ఇంట్లో అమ్మకి, అవ్వకి మాత్రం టీవీ కావాలి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండి ఆ టీవీకి రీఛార్జ్ చేసేది మీరే. కాబట్టి డిష్ పెట్టించేటప్పుడు "బాక్స్ కొంటారా, అద్దెకు తీసుకుంటారా?" అనే ప్రశ్న కూడా మీ దగ్గరికే వస్తుంది.

ముందు బాక్స్ చేసే పని చూద్దాం. శాటిలైట్ నుంచి సిగ్నల్ అందరి మిద్దెల మీదా ఒకేలా పడుతుంది. డిష్ దాన్ని పట్టుకుంటుంది, ముందున్న ఎల్ఎన్‌బీ వైరులోకి పంపిస్తుంది. అయితే పే ఛానెళ్ల సిగ్నల్‌కి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే చెవి మీ బాక్స్‌లోనో, అందులో పెట్టే కార్డులోనో ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో తాళం. అందుకే ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీకి పనికిరాదు.

అసలు పాయింట్ ఇదే. ఫోన్ కొంటే సిమ్ మార్చుకుని ఏ నెట్‌వర్క్ అయినా వాడొచ్చు. సెట్‌టాప్ బాక్స్ అలా కాదు. మన దేశంలో డీటీహెచ్ లైసెన్స్ షరతుల్లో బాక్సులు వేరే కంపెనీకి కూడా పనికొచ్చేలా ఉండాలనే మాట ఉంది. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ కూడా అదే సిఫార్సు చేసింది. కానీ మన ఇళ్లల్లో ఆ పరిస్థితి ఇంకా రాలేదు. కంపెనీ మారిస్తే డిష్, వైరు చాలాసార్లు మళ్లీ వాడుకోవచ్చు, బాక్స్ మాత్రం అటక ఎక్కుతుంది. కొన్ని కంపెనీల ఫారాల్లో అయితే, మీరు డబ్బు కట్టినా బాక్స్ మాదేనని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే "కొన్నాను" అనుకున్నది కూడా ఒక రకంగా ముందే కట్టేసిన అద్దె. తర్వాత అమ్మితే ఎంత వస్తుందని చూడొద్దు. ఎన్ని నెలలు వాడతామన్నదే చూడాలి.

లెక్క చేద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊళ్లో చెప్పే రేట్లు వేసుకోండి. బాక్స్ కొంటే 1,600 రూపాయలు అనుకుందాం. అద్దె అయితే నెలకు 60, పైన తిరిగొచ్చే డిపాజిట్ 500. 1,600ని 60తో భాగిస్తే దాదాపు 27 నెలలు. రెండేళ్ల లోపే ఇల్లు మారతారంటే, కంపెనీ మారుస్తారంటే అద్దె మేలు. మూడేళ్లు అక్కడే ఉంటారంటే అద్దె 2,160 అవుతుంది, కొన్నవాళ్లకి 560 మిగులుతుంది.

ఇంతవరకు ఏ ఊరికైనా ఇదే లెక్క. మన పడమటి కర్నూలుకి ఇంకో సంగతి ఉంది, సుగ్గి. ఇక్కడి పత్తి పనులు అయిపోయాక చాలా ఇళ్లకి తాళం పడుతుంది. మిరప కోతలకి గుంటూరు వైపు, బిల్డింగ్ పనులకి బెంగళూరు వైపు కుటుంబాలు కుటుంబాలే పోతాయి. నాలుగు నెలలు ఇల్లు మూసి ఉందనుకోండి. కొన్న బాక్స్‌కి రీఛార్జ్ ఆపితే ఖర్చు సున్నా. అద్దె బాక్స్‌కి మాత్రం ఎవరూ చూడని టీవీ కోసం ఏడాదికి 240 పోతుంది. ప్యాక్‌ని తాత్కాలికంగా ఆపించుకునే వీలు ఉంది, కానీ అప్పుడు కూడా బాక్స్ అద్దె వేయొచ్చు.

అందుకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇల్లు మూసిన నెలల్లో అద్దె ఆగుతుందా?" ఆగదంటే మన 27 నెలల లెక్క అలాగే ఉంటుంది. ఆగుతుందంటే ఏడాదికి ఎనిమిది నెలలే కడతారు, కొన్న ధరకి సమానం కావడానికి మూడేళ్లు దాటుతుంది. అప్పుడు అద్దే నయం.

తర్వాత రిపేరు. అద్దె బాక్స్ పాడైతే ఎవరు మారుస్తారో, కొన్న బాక్స్‌కి వారంటీ ఎన్ని నెలలో కాగితం మీద రాయించుకోండి. డిపాజిట్‌కి రసీదు లేకపోతే ఆ 500 మీద ఆశ పెట్టుకోవద్దు. ఊరికి పోయేముందు బాక్స్ ప్లగ్గు, డిష్ వైరు రెండూ పీకేయండి. ఉరుములు పడినప్పుడు కరెంటు వైరు నుంచే కాదు, డిష్ వైరు నుంచి కూడా దెబ్బ తగలొచ్చు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పెద్ద ఖర్చు బాక్స్ కాదు, ప్యాక్. నెలకు 300 ప్యాక్ అంటే మూడేళ్లకి 10,800. 2019 ఫిబ్రవరి నుంచి ఛానెళ్లు విడివిడిగా ఎంచుకునే హక్కు మనకుంది. అప్పట్లో నెట్‌వర్క్ ఫీజు 130కి మించకూడదని, జీఎస్‌టీతో 153 రూపాయల 40 పైసలని ఉండేది. 2024 జులైలో ఆ పరిమితి తీసేశారు, కాబట్టి కంపెనీ కంపెనీకీ పోల్చి చూడాలి. హొళగుంద వైపు తెలుగూ కన్నడా రెండూ చూసే ఇళ్లున్నాయి. అలాంటివాళ్లు రెండు పెద్ద ప్యాక్‌లు వేయించుకోకుండా, ఒక ప్యాక్ మీద కావాల్సిన నాలుగు ఛానెళ్లు కలుపుకుంటే ఎంతవుతుందో చూడండి.

మరి నిజంగా మనదే అయ్యే బాక్స్ లేదా? ఉంది, డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఒకసారి సుమారు 2,000 రూపాయలు పెడితే చాలు, నెల రీఛార్జ్ లేదు. సుగ్గికి పోయి ఆరు నెలల తర్వాత వచ్చి స్విచ్ వేసినా టీవీ వస్తుంది. కొనేటప్పుడు ఎంపెగ్-4 బాక్స్ అడగండి, పాత రకం బాక్స్‌లో కొన్ని ఛానెళ్లు రావు. ఆదోని నుంచి ఆ సిగ్నల్ ఆగ్నేయం వైపు, దాదాపు 60 డిగ్రీల పైన ఎత్తు నుంచి వస్తుంది. ఆ దిక్కులో వేపచెట్టు అడ్డం లేకుండా చూసుకోండి. లోటు ఏమిటంటే, హిందీ ఛానెళ్లు ఎక్కువ, తెలుగువి తక్కువ. సప్తగిరి, యాదగిరి వస్తాయి. అమ్మ చూసే సీరియల్ వస్తుందో లేదో ముందే కనుక్కోండి. అది రాకపోతే మిగిలిన డబ్బుతో సంతోషం ఉండదు.

మొత్తం మీద చూస్తే, రెండేళ్ల లోపు వాడకానికి అద్దె. మూడేళ్లకి పైన, అద్దె ఆపని చోట కొనడం. ఇల్లు ఎక్కువ నెలలు మూసి ఉండి, దూరదర్శన్ ఛానెళ్లతో సరిపోతుందంటే ఫ్రీ డిష్. ఏది తీసుకున్నా సంతకం పెట్టే ముందు ఫారం ఫోటో తీసి ఇంట్లోవాళ్లని మీకు వాట్సాప్ చేయమనండి. చదివేది మీరే కదా. మీ ఊళ్లో అద్దె ఎంత చెప్తున్నారో, ఇల్లు మూసినప్పుడు ఆపుతున్నారో లేదో కామెంట్‌లో రాయండి, పక్క ఊరివాళ్లకి పనికొస్తుంది. ఉంటాను ఫ్రెండ్స్.