ఉలవకట్టు: బలము గింజలోనే ఉన్నది

ఇటీవల ధర్మవరం ప్రాంతము నుండి ఒక గృహిణి తన అత్తగారిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినది. ఆ పెద్దామెకు డెబ్బది ఏండ్లు దాటినవి. పండ్లు ఊడిపోవుటచే ఆరునెలలుగా మజ్జిగన్నమే ఆహారము. లేచి నడచుటకు కాళ్ళలో సత్తువ లేదు. పరీక్షలు చేసిన డాక్టరుగారు మాంసకృత్తులు చాలలేదని, సోయా పనీరు, అనగా టోఫు, తినిపించమని చెప్పినారట. "సామీ, అది మా ఊరి అంగళ్ళలో దొరకదు. ఏం చేసేది?" అని కోడలు అడిగినది.

ఆ డాక్టరుగారి సలహా సరియైనదే. సోయా గింజలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, కాచి విరిచి, నీరు పిండిన గడ్డయే టోఫు. మన ప్రాచీన సంహితలలో సోయా ప్రస్తావన లేదు. కాని అదియు పప్పుజాతియే. చరకుడు చెప్పిన శమీధాన్య వర్గములో కులత్థము ఉన్నది. అదే మన ఉలవ. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురం సీమలో, వాన ఆలస్యమై వేరుసెనగకు అదను తప్పినప్పుడు రైతు విత్తుకొనునది ఈ గింజనే. 100 గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి.

అయితే మన ఇండ్లలో ఒక పొరపాటు జరుగుచున్నది. పూర్వము ఉలవలు ఉడికించి గింజను ఎద్దులకు పెట్టి, ఆ నీటితో ఇంటికి కట్టు కాచుకొనెడివారు. నీటిలోనికి రుచి దిగును. మాంసకృత్తులలో అధికభాగము గింజలోనే నిలుచును. నేడు పెక్కు ఇండ్లలో ఎద్దులు లేవు. అయినను గింజను పారవేయు అలవాటు పోలేదు.

కావలసినవి (నలుగురికి)

ఉలవలు 1 గ్లాసు (200 గ్రాములు), చింతపండు చిన్న నిమ్మకాయంత, ఉల్లిపాయలు 2, పచ్చిమిరపకాయలు 4, వెల్లుల్లి రెబ్బలు 6, జీలకర్ర, ధనియాల పొడి ఒక్కొక్క చెంచా, నూనె 2 చెంచాలు, పసుపు, ఉప్పు, తిరుగమోతకు ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ.

చేయు విధానము

ఉలవలలో మట్టిగడ్డలు, రాళ్ళు ఏరి, కడిగి, రాత్రంతయు నానబెట్టవలెను. ఉదయము ఆ నీరు పారబోసినచో వాయువు తగ్గును. 6 గ్లాసుల మంచినీరు పోసి కుక్కరులో, మొదటి కూత వచ్చిన పిదప, సన్నని సెగపై అరగంట ఉడికించవలెను. వ్రేళ్ళ నడుమ నొక్కిన గింజ వెన్నవలె నలుగవలెను. నీరు వార్చి ఉంచుకొని, సగము గింజలను వెల్లుల్లి, జీలకర్ర, ధనియాల పొడితో మెత్తగా రుబ్బవలెను. పండ్లు లేనివారికి గింజలన్నియు రుబ్బుట మేలు. నూనెలో తిరుగమోత వేసి, ఉల్లి, పచ్చిమిరప వేగిన తరువాత ఆ ముద్ద, వార్చిన నీరు, చింతపండు రసము, పసుపు, ఉప్పు చేర్చి, 15 నిమిషాలు మరిగించవలెను. మిగిలిన గింజలు గుగ్గిళ్ళకు పనికివచ్చును. రాగిసంగటిలోనికి ఇది దివ్యముగా ఉండును.

టోఫు దొరకినవారు దానిని ముక్కలుగా కోసి, చివరి 5 నిమిషాలు ఈ కట్టులోనే ఉడికించుకొనవచ్చును.

జాగ్రత్తలు

ఉలవ ఉష్ణవీర్యము; కఫవాతములను తగ్గించును, రక్తపిత్తమును పెంచును. కడుపులో మంట, పుండ్లు, రక్తస్రావము గలవారు తినరాదు. గర్భిణులును, మూత్రపిండముల జబ్బు గలవారును వైద్యుని అడుగనిదే వాడరాదు. మూత్రములో రాళ్ళకు దీనిని శాస్త్రము చెప్పినది నిజమే. కాని తీవ్రమైన నొప్పి, జ్వరము ఉన్నచో కట్టు త్రాగుచు కూర్చొనక ఆసుపత్రికి వెళ్ళవలెను. ఉలవచారులో మీగడ వేసుకొనుట హోటళ్ళలో వాడుక. పాలతో ఉలవలు విరుద్ధాహారమని చరకుడు చెప్పినందున, చెంచాడు నెయ్యి చాలునని నా సలహా.

ఈ సంగతులన్నియు కోడలికి వివరించుచుండగా అంతవరకు మౌనముగా కూర్చున్న పెద్దామె నవ్వినది. "సంగట్లోకి మాయమ్మ ఇదే పోస్తాండె. బీదోళ్ళ కూడు అంటారని ఇంట్లో అడగల్యా సామీ" అన్నది. కోడలు తలవంచుకొన్నది.

మీ ఇంటిలోని పెద్దలు కూడ ఏమి అడుగక ఊరుకొనుచున్నారో, ఒకమారు విచారించి చూడుడు.